పదిహేనో తారీఖు రాత్రి టైమ్‌షీట్: కాలిఫోర్నియాలో ఇంట్లో మనిషిని చూసుకునే వాళ్ళ గంటలు, జీతం

నెలలో రెండు రాత్రులు, పదిహేనో తారీఖున ఒకటి, నెలాఖరున ఒకటి, కాలిఫోర్నియాలో లక్షల ఇళ్ళల్లో ఒకే పని జరుగుతుంది. పక్క గదిలో అమ్మ పడుకున్నాక కూతురు ఫోన్ తీసి ఆ పదిహేను రోజుల గంటలు ఒక్కో డబ్బాలో కొట్టుకుంటూ పోతుంది, సోమవారం 5:30, మంగళవారం 6:00, బుధవారం డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చారు కాబట్టి 7:15, ఇలా. సబ్మిట్ నొక్కాక కూడా పని అయిపోదు. పొద్దున్న అమ్మ లేచి, కాఫీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని, తన అకౌంట్లోకి వెళ్ళి ఆ గంటలు చూసి అప్రూవ్ అనాలి. అమ్మ అప్రూవ్ అనేదాకా స్టేట్ ఆఫీసు దృష్టిలో ఆ పదిహేను రోజుల స్నానాలు, మందులు, వంట, బాత్రూమ్‌కి పట్టుకుని తీసుకెళ్ళడాలు ఏవీ జీతం లెక్కలోకి రావు.

ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్, అందరూ ఐహెచ్ఎస్ఎస్ అంటారు, ఆ ప్రోగ్రామ్ సంగతి ఇది. మసాచుసెట్స్ లాంటి స్టేట్స్‌లో ఇలాంటి పని చేసేవాళ్ళని పర్సనల్ కేర్ అసిస్టెంట్ అంటారు, కాలిఫోర్నియాలో మాత్రం ప్రొవైడర్ అంటారు, సేవ అందుకునే మనిషిని రెసిపియెంట్ అంటారు. మెడి-కాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి కాలిఫోర్నియాలో గవర్నమెంట్ ఇచ్చే ఆరోగ్య బీమా) ఉండి, ముసలితనం వల్లో వైకల్యం వల్లో తన పనులు తను చేసుకోలేని మనిషిని నర్సింగ్ హోమ్‌కి పంపకుండా ఇంట్లోనే ఉంచి, చూసుకునే మనిషికి గవర్నమెంట్ జీతం ఇస్తుంది. ఏడు లక్షలమందికి పైగా ఈ సాయం మీద ఉన్నారు, వాళ్ళని చూసుకునేవాళ్ళల్లో ఎక్కువమంది సొంత కుటుంబసభ్యులే.

బే ఏరియాలో, సౌత్ కాలిఫోర్నియాలో ఉన్న తెలుగు కుటుంబాలకి ఇది రెండు దారుల్లో తగులుతుంది. ఒకటి గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి వచ్చేసిన అమ్మానాన్నలు, మెడి-కాల్ వచ్చాక పక్షవాతమో, పార్కిన్సన్సో, మతిమరుపో మొదలైనవాళ్ళు. రెండోది ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ లాంటివి ఉన్న పిల్లలు, వాళ్ళకి తల్లిదండ్రుల సంపాదనతో సంబంధం లేకుండా వైకల్యం ఆధారంగా మెడి-కాల్ వచ్చే వేవర్ దారి ఒకటి ఉంది, దాని వెనకాలే ఐహెచ్ఎస్ఎస్ వస్తుంది. మామూలుగా విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చి వెళ్ళే పెద్దవాళ్ళకి ఇది వర్తించదు, ఎందుకంటే ఆ స్టేట్‌లోనే ఉంటున్నవాళ్ళకి ఇచ్చే సాయం ఇది.

ఇక్కడ మనవాళ్ళల్లో ఒక సంకోచం గట్టిగా ఉంటుంది, కన్నతల్లిని చూసుకున్నందుకు డబ్బులు తీసుకోవడమేంటి, నలుగురికి తెలిస్తే ఏమనుకుంటారు అని. ఆ సంకోచం వల్ల అప్లై చేసే హక్కు ఉన్నా చేయకుండా, ఉద్యోగం మానేసి, రెండేళ్ళకి నడుము పోయి, క్రెడిట్ కార్డుల మీద ఇల్లు నడుపుతున్న కోడళ్ళు కూతుళ్ళు ఉన్నారు. ఇది ప్రేమకి కట్టిన ధర కాదు. ఆ మనిషి చేయకపోతే అదే పని నర్సింగ్ హోమ్‌లో ఎవరో చేయాలి, దానికి ఇంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది, గవర్నమెంట్ కూడా ఆ లెక్క చూసుకునే ఈ జీతం ఇస్తోంది. పని పనే, చేసింది కూతురైనా ఆయా అయినా.

సరే, జీతం ఎవరిస్తారు అంటే సూటిగా ఒక పేరు చెప్పడం కష్టం. పనిలో పెట్టుకునేది, తీసేసేది రెసిపియెంట్. ఎన్ని గంటలు అవసరమో తేల్చేది కౌంటీ సోషల్ వర్కర్. గంటకి ఎంత అన్నది ఒక్కో కౌంటీలో యూనియన్‌తో బేరం కుదుర్చుకుని నిర్ణయిస్తారు, అందుకే 58 కౌంటీల్లో రేటు ఒకటే ఉండదు. చెక్కు వచ్చేది స్టేట్ నుంచి, అందులో డబ్బు కొంత ఫెడరల్ గవర్నమెంట్‌ది, కొంత స్టేట్‌ది, కొంత కౌంటీది. ఇన్ని చేతులు ఉన్నాయి కాబట్టి జీతం రానప్పుడు కౌంటీకి ఫోన్ చేస్తే స్టేట్ సిస్టమ్ అంటారు, స్టేట్ హెల్ప్ డెస్క్‌కి చేస్తే కౌంటీలో మీ కేసు చూడాలి అంటారు, మధ్యలో అద్దె కట్టాల్సిన తారీఖు మాత్రం ఆగదు.

గంటలు ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తేనే టైమ్‌షీట్ అర్థమవుతుంది. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి, మనిషిని చూసి, ఒక్కో పనికి ఇంత సమయం అని రాసుకుంటుంది. ఇల్లు ఊడ్చి తుడవడం లాంటి ఇంటిపనికి మొత్తం ఇంటికి నెలకి 6 గంటలు, బట్టలు ఉతకడానికి మెషీన్ ఇంట్లో ఉంటే వారానికి గంట, బయట లాండ్రీకి వెళ్ళాలంటే గంటన్నర, సరుకులు తేవడానికి వారానికి గంట, మిగతా చిన్న చిన్న బయటి పనులకి అరగంట. ఇవి గైడ్‌లైన్స్‌లో ఉన్న మామూలు లెక్కలు. స్నానం, బట్టలు తొడగడం, తినిపించడం, బాత్రూమ్, మంచం మీంచి లేపడం లాంటివి మాత్రం మనిషి ఎంతవరకు తను చేసుకోగలరు అన్నదాన్ని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. అదే ఇంట్లో వేరేవాళ్ళు కూడా ఉంటే ఇంటిపని గంటల్ని పంచి, రెసిపియెంట్ వాటా మాత్రమే ఇస్తారు. ఇలా నిమిషాలు నిమిషాలు కూడి, చివరికి నెలకి ఇన్ని గంటలు అని ఒక నోటీసు వస్తుంది.

ఆ నోటీసు వచ్చే రోజు చాలా ముఖ్యం, ఎందుకంటే సోషల్ వర్కర్ వచ్చినప్పుడు మన పెద్దవాళ్ళు చేసే పని ఒకటుంది. బయటి మనిషి ఎదురుగా కూర్చుంటే నాన్న నిటారుగా కూర్చుని, నాకేం ఇబ్బంది లేదమ్మా, స్నానం నేనే చేస్తాను అనేస్తారు. అది అభిమానం, తప్పు పట్టలేం. కానీ ఆ ఒక్క మాటతో నెలకి పదో పదిహేనో గంటలు పోతాయి, ఆ స్నానం ఆ తర్వాత కూడా కూతురే చేయిస్తుంది, టైమ్‌షీట్‌లో మాత్రం దానికి చోటుండదు. కాబట్టి ముందు ఒక వారం పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సొచ్చిందో కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. కోత పడితే స్టేట్ హియరింగ్, అంటే దానిమీద అప్పీలు విచారణ, అడిగే హక్కు ఉంటుంది, నోటీసు వెనకాలే ఆ వివరం ఉంటుంది, చాలామంది దాన్ని తిప్పి చూడరు.

ఇప్పుడు వారం లెక్క, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నెలకి ఇచ్చిన గంటల్ని నాలుగుతో భాగిస్తే వచ్చేది వారానికి గరిష్ఠం. నెలకి 200 గంటలు ఇచ్చారనుకుంటే వారానికి 50. చాలామంది ఆ 50 చూసి వారానికి 50 చేసేయొచ్చు అనుకుంటారు, కానీ ఫిబ్రవరి తప్ప ఏ నెలా సరిగ్గా నాలుగు వారాలు ఉండదు కదా. 2025 అక్టోబర్‌నే తీసుకుంటే 31 రోజులు, వారానికి 50 చొప్పున పోతే ఇరవై ఎనిమిదో తారీఖుకి 200 అయిపోతాయి, మిగిలిన మూడు రోజులు అమ్మకి అన్నం పెట్టకుండా ఉండలేరు, పెడతారు, కానీ వాటికి పైసా రాదు. 200ని 31తో భాగిస్తే రోజుకి దాదాపు ఆరు గంటల ఇరవై ఏడు నిమిషాలు, అంటే వారానికి 45 గంటలు, అలా పంచుకుంటేనే నెలాఖరుదాకా వస్తాయి.

దీనికి తోడు వారం ఆదివారం మొదలై శనివారం అర్ధరాత్రితో ముగుస్తుంది, జీతం పీరియడ్ మాత్రం ఒకటి నుంచి పదిహేను, పదహారు నుంచి నెలాఖరు. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. అదే అక్టోబర్‌లో పదిహేనో తారీఖు బుధవారం వచ్చింది, అంటే 12 నుంచి 18 దాకా ఉన్న వారం రెండు టైమ్‌షీట్లలోకి చీలిపోయింది. బుధవారం దాకా 28 గంటలు, గురువారం నుంచి శనివారం దాకా 17 గంటలు చేస్తే మొత్తం 45, అందులో 40 దాటిన 5 గంటలకి ఒకటిన్నర రేటు రావాలి. కానీ ఏ టైమ్‌షీట్ విడిగా చూసినా 40 దాటినట్టు కనపడదు, ఆ వారం పూర్తయ్యాక, రెండో టైమ్‌షీట్‌తో కలిపి చూస్తేనే ఓవర్‌టైమ్ తేలుతుంది. మొదటి పేస్టబ్ (జీతం చీటీ) చూసి ఓవర్‌టైమ్ కొట్టేశారు అని కంగారుపడేవాళ్ళకి చెప్పాల్సిన మాట ఇదే, రెండు స్టబ్‌లూ పక్కపక్కన పెట్టుకుని ఆదివారం నుంచి శనివారం దాకా పెన్సిల్‌తో గీత గీసి కూడి చూడండి. గంటకి 20 డాలర్లు అనుకుంటే ఆ వారానికి 800 మామూలు జీతం, దానిమీద 150 ఓవర్‌టైమ్, మొత్తం 950 రావాలి, రాకపోతే అప్పుడు ఫోన్ చేయాలి.

ఈ ఓవర్‌టైమ్ ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో కనీస వేతనం, ఓవర్‌టైమ్ చెప్పే చట్టాన్ని 1974లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి కూడా విస్తరించారు, కానీ ముసలివాళ్ళకి తోడుగా ఉండేవాళ్ళకి మాత్రం మినహాయింపు పెట్టారు. తోడుగా కూర్చోవడం అన్న ఆ మాట కిందికి తర్వాత్తర్వాత స్నానాలు చేయించేవాళ్ళు, మనిషిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు, రాత్రంతా మేలుకుని ఉండేవాళ్ళు అందరూ వచ్చి పడ్డారు. జమైకా నుంచి వచ్చి న్యూయార్క్‌లో ఏళ్ళతరబడి ఈ పని చేసిన ఎవెలిన్ కోక్ అనే ఆవిడ తనకి ఓవర్‌టైమ్ ఇవ్వలేదని కేసు వేస్తే అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2007లో తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాటగా ఆవిడకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు, ఆ మినహాయింపు చెల్లుతుందని. 2009లో ఆవిడ చనిపోయారు. 2013లో కార్మిక శాఖ ఆ రూల్ మార్చింది, దానిమీద మళ్ళీ కోర్టుల్లో గొడవ నడిచి 2015లో నిలబడింది, కాలిఫోర్నియాలో ఐహెచ్ఎస్ఎస్ వాళ్ళకి 2016 ఫిబ్రవరి 1 నుంచి ఓవర్‌టైమ్ మొదలైంది. ఇప్పుడు వారం 45 గంటల మీద వచ్చే ఆ 150 డాలర్ల వెనకాల ఈ కథంతా ఉంది. ఇది శిలాశాసనం కూడా కాదు, 2025 జూలైలో అదే కార్మిక శాఖ 2013 రూల్‌ని తీసేసి పాత పద్ధతికి వెళ్ళాలని ప్రతిపాదన పెట్టింది. ఈ పని చేసే ప్రతి ఒక్కరూ కన్నేసి ఉంచాల్సిన విషయం ఇది.

ఓవర్‌టైమ్ వచ్చాక దానికి హద్దులు కూడా వచ్చాయి. ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది రెసిపియెంట్ల దగ్గర చేస్తే వారానికి అన్నీ కలిపి 66 గంటలు దాటకూడదు. ఒకరి దగ్గర చేసి ఇంకొకరి ఇంటికి అదే రోజు వెళ్తే ఆ ప్రయాణానికి కూడా జీతం ఉంది, వారానికి 7 గంటల దాకా. ఒక్కళ్ళనే చూసుకుంటుంటే నెలకి 283 దాకా, అంటే వారానికి 70 గంటల 45 నిమిషాలు. హద్దు దాటితే వయలేషన్, మొదటిసారి నోటీసు, రెండోసారి ట్రైనింగ్ మెటీరియల్ చదివి సంతకం పెడితే దాన్ని కొట్టించుకునే ఒక అవకాశం, మూడోసారి 90 రోజులు పని నుంచి ఆపేస్తారు, నాలుగోసారి ఏడాది. తల్లిని చూసుకునే మనిషిని 90 రోజులు ఆపేస్తే ఆ తల్లిని ఎవరు చూస్తారు అన్న ప్రశ్నకి ఆ నోటీసులో జవాబు ఉండదు. ఆ కూతురు చూస్తూనే ఉంటుంది, జీతం లేకుండా.

ఒకప్పుడు ఇదంతా కాగితం. పోస్టులో టైమ్‌షీట్ వచ్చేది, నల్ల పెన్నుతో డబ్బాల్లో అంకెలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టి చికో అనే ఊళ్ళో ఉన్న సెంటర్‌కి పోస్టు చేయాలి, అక్కడ మెషీన్ చదివేది. అంకె గీత దాటినా, కొట్టేసి మళ్ళీ రాసినా, సంతకం మర్చిపోయినా వెనక్కి వచ్చేది, అలా వచ్చి పోయేసరికి జీతం రెండు మూడు వారాలు వెనకబడేది. ఆన్‌లైన్ వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది, ఈ మాట ఒప్పుకోవాలి. వారం గరిష్ఠం దాటుతుంటే సబ్మిట్ చేసేముందే స్క్రీన్ మీద హెచ్చరిక కనపడుతుంది, డైరెక్ట్ డిపాజిట్ ఉంటే అప్రూవ్ అయ్యాక కొన్ని రోజుల్లోనే డబ్బు పడుతుంది. ఫోన్‌లో నంబర్లు నొక్కి పంపే పద్ధతి కూడా పెట్టారు, ఇంటర్నెట్ రానివాళ్ళకి అది నిజంగా మేలు.

అయితే కాగితం పోయినప్పుడు బరువు కూడా చేతులు మారింది. సంతకం పెట్టడం వేలిముద్ర అంత తేలిక, ఎవరైనా పట్టుకుని చూపిస్తే చాలు. ఆన్‌లైన్ అప్రూవల్‌కి రెసిపియెంట్‌కి సొంత ఈమెయిల్, సొంత పాస్‌వర్డ్ కావాలి. జీవితంలో ఈమెయిల్ మొహం చూడని 78 ఏళ్ళ మనిషికి అకౌంట్ తెరిచేది ఎవరు, కూతురే. పాస్‌వర్డ్ గుర్తుండేది ఎవరికి, కూతురికే. అక్కడినుంచి ఒక అడుగు ముందుకి వేసి, అమ్మని ఎందుకు లేపడం అని తనే లాగిన్ అయి తన గంటలు తనే అప్రూవ్ చేసుకోవడం చాలా సులువు, చాలా ప్రమాదం కూడా. రూల్స్ ప్రకారం అది మోసం కింద వస్తుంది, గంటలు నిజంగా చేసినా సరే. రెసిపియెంట్ చేయలేని స్థితిలో ఉంటే ఇంకొకరిని ప్రతినిధిగా రాసివ్వడానికి ఫారమ్ ఉంది, అన్నయ్యనో తమ్ముణ్ణో పెట్టుకోవచ్చు, సోషల్ వర్కర్‌ని అడిగి ఆ పని ముందే చేయించుకోవాలి. లేదంటే ఫోన్ పద్ధతి పెట్టించుకుంటే అమ్మ స్పీకర్‌లో విని తన వేలితో నొక్కుతుంది.

ఫోన్ విషయంలో కూడా మనవాళ్ళకి ఒక గోడ అడ్డం. ఆ వెబ్‌సైట్, ఆ ఫోన్ లైన్ ఇంగ్లీష్, స్పానిష్, చైనీస్, ఆర్మేనియన్ భాషల్లో నడుస్తాయి. తెలుగు లేదు. సోషల్ వర్కర్ ఇంటికి వచ్చినప్పుడు దుబాసీని అడిగే హక్కు ఉంది, కౌంటీ ఉచితంగా ఏర్పాటు చేయాలి, దయచేసి అడగండి, కొడుకే తర్జుమా చేస్తుంటే అమ్మ బాత్రూమ్ సంగతులు అతని ముందు నోరు విప్పి చెప్పదు, చెప్పనివి లెక్కలోకి రావు. టైమ్‌షీట్ స్క్రీన్ దగ్గర మాత్రం దుబాసీ ఉండడు. అప్రూవ్ అన్న బటన్, రిజెక్ట్ అన్న బటన్ పక్కపక్కనే ఉంటాయి, వేలు జారి రిజెక్ట్ పడితే టైమ్‌షీట్ మళ్ళీ ప్రొవైడర్‌కి వెనక్కి వెళ్తుంది, మళ్ళీ పంపాలి, అది చూసుకోకపోతే జీతం ఎందుకు రాలేదో తెలియకుండానే వారం గడిచిపోతుంది.

చాలామందిని భయపెట్టేది లొకేషన్ సంగతి. 2016 డిసెంబర్‌లో ఒబామా సంతకం పెట్టిన క్యూర్స్ చట్టంలో ఒక సెక్షన్ ఉంది, మెడికెయిడ్ (కాలిఫోర్నియాలో దాని పేరే మెడి-కాల్) డబ్బుతో నడిచే ఇంటి సేవలన్నిటికీ ఎలక్ట్రానిక్ విజిట్ వెరిఫికేషన్ ఉండాలని. ఆరు విషయాలు నమోదు కావాలి, ఏ సేవ, ఎవరికి, ఎవరు చేశారు, ఏ తారీఖు, ఎక్కడ, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయింది. చేయని స్టేట్‌కి ఫెడరల్ వాటాలో కోత. కాలిఫోర్నియాలో రెసిపియెంట్‌తో ఒకే ఇంట్లో ఉండని ప్రొవైడర్లు 2023 జూలై 1 నుంచి పని మొదలుపెట్టేటప్పుడు చెక్ ఇన్, ముగించేటప్పుడు చెక్ ఔట్ కొట్టాలి. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి ఇది అక్కర్లేదు, కాకపోతే లైవ్-ఇన్ అని సిస్టమ్‌లో నమోదై ఉండాలి. లొకేషన్ ఆ రెండు క్షణాల్లో మాత్రమే పడుతుంది, రోజంతా వెంట పడదు. చెక్ ఇన్ మర్చిపోతే తర్వాత టైమ్‌షీట్‌లో సమయం దిద్దుకోవచ్చు. ఇంకో మాట, చెక్ ఇన్‌కి చెక్ ఔట్‌కి మధ్య ఉన్న సమయం మొత్తం జీతం కాదు, జీతం వచ్చేది గంటల డబ్బాలో వేసిన అంకెకి. పొద్దున్న 8కి వచ్చి సాయంత్రం 6కి వెళ్ళి, మధ్యలో సొంత పనికి నాలుగు గంటలు పోతే 6 గంటలే వేయాలి.

ఈ చెక్ ఇన్ మీద వికలాంగుల హక్కుల సంఘాలు గట్టిగానే పోట్లాడాయి, వాళ్ళ కోపం అర్థం చేసుకోవాలంటే బర్క్‌లీ దాకా వెళ్ళాలి. పోలియోతో మెడకింద దాదాపు కదలిక లేని ఎడ్ రాబర్ట్స్ 1962లో అక్కడ యూనివర్సిటీలో చేరాడు, రాత్రుళ్ళు ఊపిరి ఆడించే ఐరన్ లంగ్ అనే మెషీన్‌లో పడుకునేవాడు, హాస్టల్లో ఉంచలేక హాస్పిటల్లో ఒక గది ఇచ్చారు. అతని వెనకాల ఇంకొంతమంది వచ్చారు, సహాయకుల్ని తామే వెతుక్కుని, తామే పని నేర్పి, తామే తీసేసే పద్ధతి వాళ్ళు పెట్టారు. 1972లో బర్క్‌లీలో సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ పుట్టింది. నా ఇంట్లో నాకు ఎవరు సాయం చేయాలో నేను చెప్తాను అన్న ఆ పట్టుదల నుంచే రెసిపియెంట్ యజమాని అన్న ఇవాళ్టి ఏర్పాటుకి బలం వచ్చింది. అలాంటి మనిషికి, నీ సహాయకుడు నీ ఇంట్లోనే ఉన్నాడో లేదో ఫోన్ చెప్తే నమ్ముతాం అంటే, నీ మాట మీద నమ్మకం లేదు అన్నట్టే వినపడుతుంది. మోసాలు లేవని కాదు, పని చేయకుండా గంటలు వేసినవాళ్ళు ఉన్నారు, శిక్షలు పడ్డవాళ్ళూ ఉన్నారు. కానీ గొళ్ళెం వేయాల్సిన చోట మనిషి చేతికి సంకెళ్ళు వేస్తే పని చేసేవాడికే నొప్పి.

ఆన్‌లైన్ పద్ధతి మార్చేటప్పుడు ఏమవుతుందో న్యూయార్క్‌లో 2025లో కనపడింది. అక్కడ ఇలాంటి ప్రోగ్రామ్‌లో జీతాలు వందలకొద్దీ మధ్యవర్తి సంస్థల ద్వారా వచ్చేవి, వాటన్నిటినీ తీసేసి ఏప్రిల్ 1 నుంచి ఒకే కంపెనీకి అప్పజెప్పారు. లక్షలమంది కొత్తగా రిజిస్టర్ కావాలి, కొత్త యాప్‌లో గంటలు వేయాలి. గడువు దగ్గర పడ్డా చాలామంది మారలేదు, కోర్టు కల్పించుకుని గడువు పొడిగించాల్సి వచ్చింది, జీతాలు సమయానికి రాలేదని కేసులు పడ్డాయి. వేరే ఉద్యోగాల్లో జీతం లేటైతే రేపు రాను అనొచ్చు. మంచం మీద ఉన్న మనిషికి ఇవాళ బట్ట మార్చాల్సిందే, కాబట్టి పని ముందు జరిగిపోతుంది, జీతం దానివెనక నడుచుకుంటూ వస్తుంది.

తెలుగు ఇళ్ళల్లో ప్రత్యేకంగా కాలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి, అవి తెలియక చేసినా డబ్బు వెనక్కి కట్టాల్సి వస్తుంది. అమ్మ హాస్పిటల్లో అడ్మిట్ అయితే ఆ రోజులకి గంటలు వేయకూడదు. కూతురు ఆ నాలుగు రోజులూ హాస్పిటల్ కుర్చీలోనే నిద్రపోయి ఉండొచ్చు, అయినా అక్కడ చూసుకునేది హాస్పిటలే అని లెక్క. ఇంకా పెద్దది ఇండియా ప్రయాణం. సంక్రాంతికనో, మేనకోడలి పెళ్ళికనో అమ్మ రెండు నెలలు విజయవాడ వెళ్తే, వెంట కూతురు వెళ్ళి అక్కడ కూడా అదే సేవ చేసినా, దేశం బయట చేసిన గంటలకి జీతం లేదు. వెళ్ళేముందు కౌంటీకి చెప్పాలి, ఆ రోజులు టైమ్‌షీట్‌లో ఖాళీగా వదలాలి. అమ్మకి ఎస్ఎస్ఐ (ఆదాయం లేని ముసలివాళ్ళకి, వికలాంగులకి ఫెడరల్ గవర్నమెంట్ నెలనెలా ఇచ్చే డబ్బు) కూడా వస్తుంటే దేశం బయట 30 రోజులు దాటగానే అది ఆగిపోతుంది. పాస్‌పోర్టు మీద స్టాంపు ఒక తారీఖు, టైమ్‌షీట్ మీద గంటలు అదే తారీఖు కనపడితే దానికి సంజాయిషీ చెప్పడం ఎవరివల్లా కాదు.

ఇంకోటి వీసా. ప్రొవైడర్‌గా చేరాలంటే వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఓరియెంటేషన్‌తో పాటు పని చేయడానికి అనుమతి ఉన్నట్టు కాగితాలు చూపాలి. బిడ్డకి ఆటిజం ఉంది, బిడ్డ ఇక్కడే పుట్టింది, గంటలు మంజూరయ్యాయి, కానీ తల్లి హెచ్4 (హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉండి ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, లేదు. సొంత బిడ్డకి తల్లి చేసే పనికి ఆ తల్లి జీతం తీసుకోకూడదు, బయటి మనిషిని పెట్టుకుంటే ఆ మనిషికి జీతం వస్తుంది. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్ళు, పదిహేనేళ్ళు ఉన్న కుటుంబాల్లో ఇది పెద్ద దెబ్బ.

ఆటిజం పిల్లల విషయంలో ఎక్కువగా వినపడేది ప్రొటెక్టివ్ సూపర్‌విజన్. ప్రమాదం తెలియని మనిషిని, రోడ్డు మీదికి పరిగెత్తే పిల్లాణ్ణి, స్టవ్ వెలిగించేసే అత్తగారిని కనిపెట్టుకుని ఉండటానికి ఇచ్చే గంటలు ఇవి. ఇవి ఇవ్వాలంటే ఆ మనిషికి రోజుకి 24 గంటలూ ఎవరో ఒకరు ఉండాల్సిన అవసరం ఉందని తేలాలి, దానికి డాక్టర్ ఒక ఫారమ్ నింపి ఇవ్వాలి, ఆ 24 గంటలూ ఎవరు చూస్తారో కుటుంబం ప్లాన్ చూపించాలి. 30 రోజుల నెలలో 720 గంటలు. తీవ్రమైన వైకల్యం అని తేలితే ఇచ్చేది అన్ని సేవలూ కలిపి ఎక్కువలో ఎక్కువ 283. మిగతా 437 గంటలు ప్లాన్‌లో ఉంటాయి, జీతంలో ఉండవు. పదిహేనో తారీఖు రాత్రి ఆ తల్లి టైమ్‌షీట్‌లో రోజుకి తొమ్మిదిన్నర గంటల దగ్గర అంకె వేసి ఆపేస్తుంది, చేసింది అంతే కాబట్టి కాదు, డబ్బా అంతవరకే ఒప్పుకుంటుంది కాబట్టి. ఆ రాత్రి రెండింటికి పిల్లాడు లేచి తలుపు గొళ్ళెం లాగితే మళ్ళీ లేవాల్సింది ఆవిడే.

చివరగా పన్నులు, ఇందులో మంచి, చెడు రెండూ ఉన్నాయి. రెసిపియెంట్‌తో ఒకే ఇంట్లో ఉంటే ఎస్ఓసీ 2298 అనే ఫారమ్ ఒక్కటి పంపిస్తే ఈ జీతం ఫెడరల్, స్టేట్ ఆదాయపు పన్నులోంచి బయటికి వెళ్ళిపోతుంది, ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2014లో ఇచ్చిన నోటీసు ప్రకారం. అది పంపకుండా ఏళ్ళతరబడి పన్ను కట్టినవాళ్ళు ఉన్నారు, పాత రిటర్న్‌లు సవరించుకోవడానికి మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది, చూసుకోండి. ఆ జీతాన్ని సంపాదన కిందే చూపించి కొన్ని టాక్స్ క్రెడిట్స్ తీసుకోవచ్చని 2019లో టాక్స్ కోర్టు కూడా చెప్పింది.

చెడు సంగతి సోషల్ సెక్యూరిటీ. పెద్దవాళ్ళయిన పిల్లలు అమ్మానాన్నల్ని చూసుకుంటే వాళ్ళ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ పట్టుకుంటారు, రేపు పెన్షన్‌కి అది లెక్కకొస్తుంది. కానీ బిడ్డని చూసుకునే తల్లి జీతంలోంచి, భర్తని చూసుకునే భార్య జీతంలోంచి అది పట్టుకోరు. చేతికి వచ్చే డబ్బు కాస్త ఎక్కువగా కనపడుతుంది, అందుకే చాలామందికి అనుమానం రాదు. పెన్షన్ రావాలంటే మొత్తం 40 క్రెడిట్స్ కావాలి, మామూలు ఉద్యోగంలో పదేళ్ళ పని. బిడ్డకి మూడేళ్ళప్పుడు ఉద్యోగం మానేసి ఇరవై ఏళ్ళు నెలకి 283 గంటలు, ప్రతి పదిహేను రోజులకీ నిమిషాలతో సహా గంటలు వేసి పంపిన తల్లి సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో తన స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే ఆ ఇరవై ఏళ్ళ ఎదురుగా వరసగా సున్నాలు ఉంటాయి. భర్త పని చేస్తుంటే ఆయన లెక్క మీద సగందాకా రావచ్చు, ఒంటరి తల్లికి చాలాసార్లు ఆ దారి కూడా ఉండదు. స్టేట్‌మెంట్ ఇవాళే తెరిచి చూసుకుని, వారానికి కొద్ది గంటలైనా వేరే ఇంటి రెసిపియెంట్ దగ్గర చేస్తే ఆ జీతానికి క్రెడిట్స్ పడతాయి, 66 గంటల హద్దు మాత్రం గుర్తుపెట్టుకోవాలి, రెండో రెసిపియెంట్ వచ్చిన రోజు నుంచే ఆ హద్దు మొదలవుతుంది.